భోగికి ముందు అటక మీది బొమ్మలు ఒకసారి చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సంక్రాంతికి ఇల్లు దులిపే రోజులు వచ్చేశాయి. అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి, పనికొచ్చేవి మళ్లీ పైకి ఎక్కుతాయి, మిగతావి భోగి మంటలోకో, పాత ప్లాస్టిక్‌కు ఉల్లిపాయలిచ్చే బండిలోకో పోతాయి. మీ పత్రిక ద్వారా తోటి పాఠకులను నేను అడిగేది ఒక్కటే. ఆ పెట్టెల్లో 1980లలో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు కనిపిస్తే, చెయ్యి విరిగినవైనా సరే, పారేయకండి. పాత నోటుపుస్తకాల వెనక పేజీల్లో ఆ బొమ్మలను చూసి మీ అన్నయ్యో, తమ్ముడో, మీరో గీసిన చిత్రాలు దొరికితే అవి అసలే పారేయకండి.

కండలు తిరిగిన వీరుడు హీమ్యాన్, అతని శత్రువు పుర్రె మొహం స్కెలిటార్, అమెరికా సైనికుల బొమ్మలు జీఐ జో. నలభై దాటిన చాలామందికి ఈ పేర్లు వింటే చాలు, మొహం వెలిగిపోతుంది. నాకు వీటంటే ప్రాణం. దొరికినచోటల్లా పోగుచేస్తాను, బాగుచేసుకుంటాను, వాటి గురించి దొరికిందల్లా చదువుతాను.

హీమ్యాన్ బొమ్మలను అమెరికాలో మాటెల్ కంపెనీ 1982లో మార్కెట్లోకి తెచ్చింది, కార్టూన్ ఆ మరుసటి ఏడు వచ్చింది. అంటే ముందు బొమ్మ, తర్వాత టీవీ కథ. ఐదున్నర అంగుళాల మనిషి, నడుం పక్కకు తిప్పి వదిలితే లోపలి స్ప్రింగ్ వల్ల గిర్రున వెనక్కి తిరిగి ఎదుటివాడికి గుద్దు తగులుతుంది. హీమ్యాన్‌తో బూడిదరంగు కత్తి వచ్చేది, స్కెలిటార్‌తో ఊదారంగు కత్తి. రెండూ సగం సగం కత్తులే. రెండింటినీ కలిపి నొక్కితే ఒకే పూర్తి కత్తి అవుతుంది, గ్రేస్కల్ కోట తలుపు తెరవాలంటే అదే తాళంచెవి అని ఆ బొమ్మలతో వచ్చిన చిన్న కామిక్ పుస్తకంలో కథ. ఒక్క బొమ్మే ఉన్న పిల్లవాడు ఆ కోట తెరవాలంటే రెండోది ఉన్నవాడి ఇంటికి వెళ్లాల్సిందే కదా, అంత చక్కటి ఆలోచన అది. ఇక హీమ్యాన్ ఎక్కి తిరిగే ఆ పచ్చ పులి అసలు అతని కోసం చేసినదే కాదు. అదే కంపెనీ అంతకుముందు బిగ్ జిమ్ అనే పెద్ద సైజు బొమ్మల కోసం చేయించిన పులి అచ్చు, ఈ చిన్న బొమ్మల పక్కన పెడితే గుర్రమంత కనిపించింది, దాంతో పచ్చరంగు వేసి, జీను కట్టి, వాహనం చేసేశారు.

మన దేశంలో అప్పట్లో విదేశీ బొమ్మ షాపులోకి రావడమే గగనం. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఎవరైనా వస్తూ సూట్‌కేసులో పెట్టుకు రావాలి. అలాంటి రోజుల్లో మాటెల్ లైసెన్సుతో లియో పేరున హీమ్యాన్ బొమ్మలు ఇక్కడే తయారయ్యాయి. 1987లో ఎమ్మారెఫ్ వాళ్లు, అమెరికా హాస్‌బ్రో కంపెనీ కలిసి ఫన్‌స్కూల్ అనే బొమ్మల కంపెనీ పెట్టాక మూడు ముప్పావు అంగుళాల జీఐ జోలు వచ్చాయి. అమెరికాలో అమ్మకం అయిపోయిన అచ్చులను ఇక్కడికి తెచ్చి పోసేవాళ్లు, కానీ రంగులు మాత్రం మన దగ్గర వేరేగా పడేవి. అక్కడ బూడిదరంగులో ఉన్న సైనికుడు ఇక్కడ ఇంకేదో రంగులో ఉండేవాడు. దూరదర్శన్‌లో వచ్చిన స్ట్రీట్ హాక్ సీరియల్ మోటార్‌సైకిల్ హీరోని కూడా జీఐ జో సైజులో మనవాళ్లే చేశారు, అది ఈ దేశం కోసం చేసిన బొమ్మ. అందుకే ఈ రోజు అమెరికాలో సేకరించేవాళ్లు మన ఫన్‌స్కూల్ బొమ్మల కోసం వెతుక్కుంటుంటే, ఇక్కడ మనం వాటిని కిలోల లెక్కన తూకానికి వేస్తున్నాం. నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

కొందరు పెట్టె తెరవని బొమ్మకే విలువ అంటారు. నేను ఒప్పుకోను. ఆడుకోకుండా దాచిన బొమ్మ అందంగా ఉంటుంది, నిజమే, కానీ ఛాతీ మీద రంగు పోయి, బూటు కొసన పంటిగాట్లు ఉన్న బొమ్మను చేతిలోకి తీసుకుంటే అది ఒక ఇంట్లో పెరిగిన బొమ్మ అని తెలుస్తుంది. నాకు అదే కావాలి.

బాగుచేయడం కూడా పెద్ద పని కాదు. హీమ్యాన్ కాళ్లను తొడల దగ్గర పట్టి ఉంచేది లోపలి రబ్బరు బ్యాండ్, జీఐ జో ఒళ్లంతటినీ కలిపి ఉంచేది నడుం లోపలి చిన్న నల్ల రబ్బరు రింగు. నలభై ఏళ్లకు రబ్బరు తెగిపోక ఏం చేస్తుంది, బొమ్మ రెండు ముక్కలైతే విరిగిపోయిందనుకుని పారేస్తారు. వీపు మీది చిన్న స్క్రూ విప్పి కొత్త రింగు వేస్తే జీఐ జో మళ్లీ నిలబడతాడు. సెల్స్ వేసి ఆడే బొమ్మలైతే ముందు ఆ సెల్స్ తీసేయండి. ఎండ తగలనీయకండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వొద్దు. భోగి మంటలో వేయడం మాత్రం ఏ రకంగానూ వద్దు, ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

ఇక చిత్రాల సంగతి. ఆ బొమ్మల పెట్టెల మీద ఉన్నవి ఫొటోలు కావు, మనుషులు కుంచె పట్టి వేసినవి. గ్రేస్కల్ కోట బొమ్మ పెట్టె మీది చిత్రం రూడీ ఓబ్రెరో వేశాడు, మొదటి చిన్న కామిక్‌లు ఫిలిప్పీన్స్ చిత్రకారుడు అల్ఫ్రెడో అల్కాలా గీశాడు. వాళ్లను చూసి ప్రపంచమంతా పిల్లలు గీశారు. 1980ల మధ్యలో మాటెల్ పిల్లలకు పోటీ పెట్టి కొత్త పాత్రను గీసి పంపమంది. గెలిచింది పన్నెండేళ్ల కుర్రాడు. అతని హీరోకి తలకాయ స్థానంలో కెమెరా, పేరు ఫియర్‌లెస్ ఫొటోగ్. బొమ్మ అప్పుడు రాలేదు. అభిమానులు మాత్రం మర్చిపోలేదు, అడుగుతూనే ఉన్నారు, చివరికి 2012లో మాటెల్ దాన్ని నిజంగా తయారుచేసింది. ఒక పిల్లవాడు కాగితం మీద గీసింది పాతికేళ్ల తర్వాత చేతిలో పట్టుకునే బొమ్మ అయ్యింది! ఫ్యాన్ ఆర్ట్, అంటే అభిమానులు తమకిష్టమైన పాత్రలను గీసే చిత్రాలు, పనిలేనివాళ్ల పిచ్చిగీతలు అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

హైదరాబాద్‌లో 2013 నుంచి కామిక్ కాన్ అనే కామిక్స్ అభిమానుల జాతర జరుగుతోంది. అక్కడ చిన్న బల్ల ముందు కూర్చుని తమ చేత్తో గీసినవి అమ్ముకునే కుర్రాళ్లను, అమ్మాయిలను చూడండి. ఒక్కొక్కరు ఒక్కో గీతకు ఎంత టెన్షన్ పడతారో దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఇప్పుడు కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెప్పి పుట్టించిన చిత్రాలను కూడా ఫ్యాన్ ఆర్ట్ పేరుతో ప్రింటు తీసి అమ్ముతున్నారు. కొనేముందు "ఇది మీరే గీశారా, స్కెచ్ ఏదైనా ఉందా" అని అడగండి. గీసినవాళ్లయితే సంతోషంగా చూపిస్తారు, పది రూపాయలు ఎక్కువైనా వాళ్లదే కొనండి.

కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు గుర్తింపు ఉంది, ఉండాల్సిందే. చందమామ పాత సంచికలను బైండు చేయించి దాచుకున్న ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. ఫ్యాక్టరీలో పోసిన బొమ్మలకు మాత్రం ఒక అర కూడా లేదు. మన ఊళ్లలోని మ్యూజియంలు ఒక్క అద్దాల బీరువా కేటాయించినా చాలు, ఇవ్వడానికి నాలాంటివాళ్లు సిద్ధంగా ఉన్నారు.

మీరూ ఒక సాయం చేయాలి. పండగ ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ కేటాయించి, పాఠకుల ఇళ్లలో మిగిలిన 1980ల బొమ్మల ఫొటోలు, చిన్నప్పుడు గీసిన చిత్రాలు పంపమని అడగండి. భోగికి వారం ముందే ప్రకటిస్తే ఇంకా మంచిది, అటకలు దులిపేది అప్పుడే కాబట్టి.

ఇట్లు,
పాత బొమ్మలు సేకరించే ఒక పాఠకుడు,
విజయవాడ