గోనెపట్టా కప్పిన బండ

పోరూరు, చెన్నై.

ప్రియమైన నేస్తమా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు బదులు రాయకపోవడానికి కారణం మా పెద్దమ్మ. కంటిశుక్లం ఆపరేషన్ కోసం వచ్చి ఇరవై రోజులు మా ఇంట్లోనే ఉంది. పొయ్యి దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పినా, తెల్లవారుజామున నాలుగింటికే లేచి వంటగది గుమ్మంలో నిలబడి, "ఈ గ్యాసు బండ ఎన్నాళ్ళొస్తుందే అమ్మాయ్?" అని రోజూ అడిగేది. ఆ ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

వానలు మొదలైతే ఆమెకు నిద్ర ఉండదట. వసారాలో పేర్చిన తుమ్మకంపకు జల్లు కొడుతుందేమోనని అర్ధరాత్రి లేచి పట్టా సర్దుతుందట. తడిసిన కట్టె రాజుకోక, ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రబడ్డాక, మనవలకు బడి వేళ దాటిపోతే మాట పడేది కూడా తనే. "మనసు బాగాలేదు" అని ఆమె ఏనాడూ అనలేదు. "గుండె దడగా ఉంటుందమ్మా" అంటుంది, అంతే.

కట్టెల పొగలో 2.5 మైక్రాన్లకన్నా సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు దిగి పైకి కనబడకుండా ఒంటి లోపల వాపును (ఇన్‌ఫ్లమేషన్) రేపుతాయి. అలాంటి పొయ్యిల దగ్గర వండే స్త్రీలలో దిగులు ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధనలు చెబుతున్నాయి. అందులో పొగ పాలెంతో, పేదరికం పాలెంతో విడదీయడం మాత్రం తేలిక కాదు. పెద్దమ్మను చూశాక నాకు, ఆ రెండింటితోపాటు "రేపటికి కట్టెలెలా" అన్న బెంగ కూడా మనిషిని తినేస్తుందని నమ్మకం కుదిరింది.

గ్యాసు లేదా అంటే, ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చినప్పుడే ఆమెకు కనెక్షన్ ఇచ్చారు. అయినా ఆ బండ గోనెపట్టా కప్పుకొని మూల నిలబడి ఉంటుంది. అల్లుడు వస్తే టీకి, ఎవరికైనా జ్వరం వస్తే గంజికి మాత్రమే దాన్ని వెలిగిస్తారు. ఆరుగురున్న ఇంట్లో 14.2 కిలోల బండ నెల దాటితే గొప్ప. 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు, కాని ముందు డబ్బు కట్టి తీసుకుంటే తరువాత ఖాతాలో పడే పద్ధతి పెట్టారు. ఆ ముందు డబ్బు పెదనాన్న జేబులో ఉంటుంది, అడగడానికి పెద్దమ్మకు నోరు రాదు.

ఇక్కడి శ్రీ రామచంద్ర సంస్థ పరిశోధకులు పాలుపంచుకున్న, వంటింటి పొగ మీద జరిగిన హాపిన్ అనే అధ్యయనంలో, తమిళనాడు పల్లెలతోపాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో గర్భిణుల ఇళ్ళకు 18 నెలలపాటు గ్యాసును ఉచితంగా చేరవేశారు. పుట్టినప్పటి బిడ్డల బరువు ఆశించినట్లు పెరగలేదని 2022లో వెల్లడైంది. నన్ను కదిలించింది మరొక సంగతి: బండ అయిపోతుందన్న భయం లేనప్పుడు ఆ స్త్రీలు కట్టెల పొయ్యిని దాదాపుగా మానేశారు. "ఆడవాళ్ళు పాత అలవాటు వదలరు" అనే మన ఊరి పెద్దలకు ఈ మాట తప్పక చెప్పు.

నువ్వు ఊళ్ళోనే ఉన్నావు కనుక, పెద్దమ్మ పేరిట బండ బుక్ అయిందో లేదో ఈ వారంలోనే కనుక్కో. డబ్బు నీకు పంపుతున్నాను; పెదనాన్నకు కాకుండా ఆమె చేతికే ఇవ్వు. ఆపరేషన్ అయిన కంటికి పొగ తగలనివ్వవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు.

నీ నేస్తం