'ఎ' సినిమాకు పదేళ్ల ప్రేక్షకులా?

సంపాదకులకు,

వృత్తి మానుకోబోతున్న కిరాయి హంతకుణ్ణి, పింఛను సొమ్ము ఎగ్గొట్టడానికి యజమానులే చంపించజూసే విదేశీ సినిమాను గత ఆదివారం తిరుపతిలోని ఒక థియేటర్‌లో తెలుగు డబ్బింగులో చూశాను. పింఛనుదారుణ్ణి గనుక ఆ ఊహకు నవ్వుకున్నాను. రంగుల పొందిక, పోరాటాల కూర్పు మెచ్చదగినవే గానీ, చిత్రహింస దృశ్యాన్ని అంతసేపు సాగదీయడం కథకు అవసరమనిపించలేదు.

అయితే నా అభ్యంతరం తీసినవారిపై కాదు. 'ఎ' ధ్రువపత్రం ఉన్న సినిమాకు 18 ఏళ్లు నిండనివారిని తల్లిదండ్రులు వెంట ఉన్నా అనుమతించకూడదు. 2023 చట్ట సవరణతో వచ్చిన 7, 13, 16 ఏళ్ల అంచెలు 'యూఏ' (పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగిన) చిత్రాలకే వర్తిస్తాయి. అయినా నా ముందు వరుసలో పదేళ్ల పిల్లవాడు చెవులు మూసుకుని కూర్చున్నాడు. గేటు దగ్గర వయసు అడిగినవారే లేరు. అధికారులు తనిఖీ చేయాలని కోరుతున్నాను.

– ఒక పింఛనుదారు, తిరుపతి