5 వేరు, 5.00 వేరు అన్న టూల్: మా బిల్లింగ్ ప్రోగ్రామ్ వాడే మెడికల్ షాపులకు

నమస్కారం.

2025 డిసెంబరు 3న మీలో కొందరి బిల్లుల్లో జీఎస్టీ సున్నా అని పడింది. తప్పు మాదే. మీరు రేటు తప్పుగా ఎక్కించలేదు, కౌంటర్లో మీ కుర్రాడు వేరే మీట నొక్కలేదు. 4వ తేదీ ఉదయానికి సరిచేసిన వెర్షన్ పంపాం. ‘సర్వర్ సమస్య’ అని ఒక సందేశం పెట్టి ఊరుకోవచ్చని మా ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. మనకు సర్వరే లేదు. ప్రోగ్రామ్ మీ కంప్యూటర్లోనే నడుస్తుందని మీకూ తెలుసు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు మీరు చేయవలసిన పని. కొత్త వెర్షన్ తెరవగానే ‘3వ తేదీ బిల్లుల సవరణ’ అని అడుగుతుంది, అవునని నొక్కండి. మందుల ధరలో పన్ను కలిసే ఉంటుంది కాబట్టి రోగి ఇచ్చిన డబ్బులో పైసా తేడా లేదు. 105 రూపాయల స్ట్రిప్పుకు విలువ 100, కేంద్ర పన్ను రెండున్నర, రాష్ట్ర పన్ను రెండున్నర అని పడవలసింది, విలువ 105, పన్ను సున్నా అని పడింది. సవరణ ఆ విభజనను సరిచేస్తుంది. ఆ రోజు నర్సింగ్ హోములకు జీఎస్టీ నంబరుతో బిల్లు ఇచ్చినవారు మాత్రం మీ ఆడిటరుతో ఒక మాట చెప్పి, సరైన బిల్లు మళ్లీ ఇవ్వాలి. బిల్లులో పన్ను విడిగా చూపని కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి ఈ గొడవతో సంబంధం లేదు.

ఇక అసలు సంగతి.

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 12, 28 శాతం శ్లాబులను తీసేయాలని నిర్ణయించింది. 22 నుంచి అమలు. చాలా మందులు 12 నుంచి 5కు దిగాయి, 33 ప్రాణరక్షక మందులు 12 నుంచి సున్నాకు వచ్చాయి. మధ్యలో ఉన్నవి పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజులూ మేం చేసిన పని ఏమిటంటే, మా ప్రోగ్రాములో 12 అనే అంకె ఎక్కడెక్కడ రాసి ఉందో వెతకడం. 43 చోట్ల దొరికింది. 44వది 22న మధ్యాహ్నం తెనాలిలో ఒక షాపు కనిపెట్టింది.

ఒక రేటు మారితే ఒక చోట మార్చాలి. 44 చోట్ల మార్చవలసి వచ్చిందంటే ఆ ప్రోగ్రామ్ రాసినవాడిని అనాలి. రాసింది నేనే. 2012లో, వ్యాట్ రోజుల్లో, విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి మేడ మీద అద్దె గదిలో ఒక్కడినే కూర్చుని రాశాను. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు దాని మీదే అతుకులు వేశాను. బిల్లు వేసే ఒక్క ఫైలే 9,200 వరుసలు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఆ ఫైలు తెరిచినప్పుడు వాళ్ల ముఖాలు చూడకుండా నేను కిటికీ వైపు తిరుగుతాను.

ఈ దసరా తర్వాత దాన్ని శుభ్రం చేయాలనుకున్నాం. దీన్ని రీఫ్యాక్టరింగ్ అంటారు. మీ భాషలో చెప్పాలంటే షాపులో ర్యాకులు సర్దడం. ఎక్కడ పడితే అక్కడ ఉన్న మందులను వరుసలో పెడతారు, లేబుళ్లు మారుస్తారు, అటకెక్కినవి కిందికి దించుతారు. కానీ చీటీ పట్టుకుని వచ్చిన మనిషికి నిన్న ఇచ్చిన మందే ఇవాళా ఇవ్వాలి. లోపల ఎంత మారినా బయటికి ఏమీ మారకూడదు. ఆ ఒక్క షరతు తప్పితే అది సర్దడం కాదు.

9,200 వరుసలను చేత్తో సర్దలేం, టూల్ కావాలి. ఈ ఎంపిక మీదే నేను ఆరు వారాలు నిద్ర పాడుచేసుకున్నాను.

మా ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, కోడ్ రాయడానికి మేం రోజూ వాడే ఇంటెల్లిజే ఐడియాలో ఉన్న సదుపాయం. పేరు మార్చమంటే మారుస్తుంది, పెద్ద ముక్కను విడదీయమంటే విడదీస్తుంది, చేసే ముందు ఎక్కడెక్కడ మారుతుందో చూపిస్తుంది. మంచిదే, కానీ ఒక్కొక్క మార్పూ మనం దగ్గరుండి చేయించాలి. రెండోది ఓపెన్‌రీరైట్. మా ప్రోగ్రామ్ రాసిన భాష జావా, ఆ కోడ్‌కు బాగా పేరున్నది, దాని ప్రధాన భాగం ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చూసి వాడుకోవచ్చు. ఏ మార్పు కావాలో ఒక ‘రెసిపీ’గా రాసిస్తే కోడ్ అంతటా అదే పద్ధతిలో చేస్తుంది. ముందు ఉత్తుత్తి పరుగు పెట్టించి, ఏం మారబోతోందో ఒక ఫైలులో చూసుకోవచ్చు. అయితే దాన్ని నేర్చుకోవడానికి సమయం పడుతుంది. మూడోది నెలకు తలకు ఇంత అని డబ్బు కట్టే టూల్. దాని పేరు రాయను. కృత్రిమ మేధ అన్నారు, మీ కోడ్‌ను అదే చదువుకుని అదే శుభ్రం చేస్తుందన్నారు.

మా సీనియర్ ప్రోగ్రామర్ రెండోది కావాలంది. తొమ్మిదేళ్లుగా నాతో పనిచేస్తున్న అమ్మాయి, మీలో చాలామందికి ఆమె గొంతు తెలుసు. “సార్, మూడు వారాలు ఇవ్వండి. నెమ్మదిగా చేద్దాం, ప్రతి మార్పూ మన కళ్లతో చదువుదాం” అంది. నేను లెక్కలు వేశాను. ఆరుగురం ఉన్న ఆఫీసులో ఒకరు మూడు వారాలు పాఠం నేర్చుకుంటూ కూర్చుంటే మీ ఫోన్లు ఎవరు తీస్తారని అడిగాను. పైకి చెప్పిన కారణం అది.

చెప్పని కారణం ఇంకొకటి ఉంది. మూడో కంపెనీవాళ్లు డెమోకు వచ్చినప్పుడు నా 9,200 వరుసల ఫైలునే అడిగి తీసుకున్నారు. నాలుగు నిమిషాల్లో దాన్ని పదిహేడు చిన్న ఫైళ్లుగా చేసి తెర మీద పెట్టారు. పదమూడేళ్ల నా సిగ్గు నాలుగు నిమిషాల్లో పోయినట్టు అనిపించింది. అంతకు ముందు వారం రోజులు ధరల పట్టికలు, పోలికలు, కాగితాలు అంటూ చేసిన హడావిడి అంతా ఆ నాలుగు నిమిషాల ముందు ఎగిరిపోయింది. నేను కొన్నది టూల్‌ను కాదు, ఆ తెరను.

ఆ టూల్ మొత్తం 1,840 చోట్ల మార్పులు చేసింది. అన్నీ చదవాలని ఆమె అంది. సగం చదివాం. కంపైల్ అయింది, అంటే కంప్యూటరు తప్పు పట్టకుండా తీసుకుంది. మా దగ్గర ఉన్న పరీక్షలు అన్నీ దాటింది. డిసెంబరు 2 రాత్రి మీకు పంపాను.

మర్నాడు రాత్రి తొమ్మిదిన్నరకు గుడివాడ నుంచి ఫోను. “బాబూ, పన్ను గడిలో సున్నా వస్తోంది. గవర్నమెంటు మందుల మీద పన్ను పూర్తిగా తీసేసిందా?” అని అడిగారు ఒక పెద్దాయన. వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు. అప్పటిదాకా పగలంతా మేం సంబరంగానే ఉన్నాం.

తెల్లవారుజామున మూడు గంటలకు తప్పు దొరికింది. జావాలో రెండు అంకెలు సమానమా అని చూడడానికి రెండు పద్ధతులు ఉన్నాయి: కంపేర్‌టు, ఈక్వల్స్. డబ్బు లెక్కకు వాడే బిగ్‌డెసిమల్ విషయంలో ఈ రెండూ ఒకటి కావు. కంపేర్‌టుకు 5, 5.00 సమానం. ఈక్వల్స్ మాత్రం చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఉన్నాయో కూడా చూస్తుంది, కాబట్టి దానికి 5 వేరు, 5.00 వేరు. పేర్లు దగ్గరగా ఉండే రెండు మందుల వల్ల పొరపాటు ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ టూల్ ‘చదవడానికి తేలిక’ అని 31 చోట్ల కంపేర్‌టు తీసేసి ఈక్వల్స్ పెట్టింది.

మా శ్లాబుల పట్టికలో రేటు 5.00 అని ఉంటుంది. సెప్టెంబరు 21 రాత్రి మీలో చాలామంది కొత్త రేటును చేత్తో ఎక్కిస్తూ 5 అని కొట్టారు. అంతకు ముందునుంచీ 5 శాతంలో ఉన్న మందులకు మేమే 5.00 అని ఇచ్చాం, వాటి బిల్లులు బాగానే వచ్చాయి. మా పరీక్షల్లో ఉన్నవన్నీ అవే. అందుకే పరీక్షలు దాటాయి. మీ 5 ఏ శ్లాబుతోనూ కలవలేదు. కలవకపోతే పన్ను లేని సరుకుగా లెక్కించమని 2012లో రాసిన మహానుభావుడు ఎవరో వేరే చెప్పాలా? రేటు గడిని అంకెగా కాక అక్షరాలుగా దాచినవాడూ అతడే.

ఆ కంపెనీకి రాశాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. ‘మీ పరీక్షలు సరిపోలేదు, మూడు నెలలు ఉచితంగా వాడుకోండి’ అని. మొదటి సగం నిజం. అందుకే ఎక్కువ మండింది. ఉచితం వద్దని, మిగిలిన నెలలకు ముందే కట్టిన డబ్బు వాళ్ల దగ్గరే ఉంచుకోమని చెప్పాను. డబ్బు వదలడం తెలివితక్కువ పని అని మా ఇంట్లోనూ అన్నారు. కావచ్చు. వాళ్లతో మరో ఫోను మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు ఓపెన్‌రీరైట్ మొదలుపెట్టాం. ఆ అమ్మాయి అడిగిన మూడు వారాలూ ఇచ్చాను. ఇస్తున్నానని చెప్పినప్పుడు ఆమె ఏమీ అనలేదు. ఒక్క మాట అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఒక రోజు ఒకే రకం మార్పు, ఇద్దరు చదివాకే లోపలికి. దానితో పాటు, అనుమతి ఇచ్చిన షాపుల నుంచి రోగుల పేర్లు తీసేసిన పాత బిల్లులు తీసుకుని, ప్రతి రాత్రి పాత ప్రోగ్రాముతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి వేయిస్తున్నాం. పైసా తేడా వస్తే ఆ వెర్షన్ మీ దాకా రాదు. మొదటి రాత్రే రెండు తేడాలు వచ్చాయి. రెండూ పాతదాంట్లో ఉన్న తప్పులే, ఎనిమిదేళ్లుగా రౌండింగులో ఎవరికీ కనిపించకుండా ఉన్నవి. వాటి సంగతి విడిగా రాస్తాను.

ఈ శుభ్రం చేసే పని ఆపేసి పాతదాన్నే నడపమని కొందరు అన్నారు. ఆపను. మరోసారి రేట్లు మారితే మరో 44 చోట్ల వెతికే పని నా వల్ల కాదు.

వార్షిక రుసుములో తగ్గింపు ఉంటుందా అని అడిగారు. ఉండదు. దానికి బదులు, 3వ తేదీ బిల్లుల కోసం మీ ఆడిటరు అదనంగా ఏమైనా తీసుకుంటే ఆ రసీదు పంపండి, మేం కడతాం. మేం దుకాణం ఎత్తేస్తున్నామని నూజివీడు వైపు ఒకరు షాపు షాపుకూ తిరిగి చెబుతున్నారట. ఆయనకు మా ఆఫీసు అడ్రసు ఇవ్వండి, వచ్చి చూసుకుంటారు.

డిసెంబరు నెల జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయడానికి గడువు 2026 జనవరి 11, మూడు నెలలకొకసారి వేసేవారికి 13. అంతకు ముందే సవరణ నొక్కారో లేదో ఒకసారి చూసుకోండి. 11వ తేదీ ఆదివారం. ఆ రోజు ఆఫీసు తెరిచే ఉంటుంది, ఫోను నేనే తీస్తాను.