పాసావు నుంచి వియన్నాకి సైకిళ్ల మీద: ఎక్కడ ఏ ఒడ్డు

లింట్స్, ఆస్ట్రియా

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నువ్వూ మరదలూ సైకిల్ ప్రయాణానికి వస్తున్నారని అమ్మ చెప్పింది. జులైలో రావాలా సెప్టెంబరులోనా అని అడిగావు కదా, సెప్టెంబరు మొదటి వారాలే మంచివి. ఆప్రికాట్లు జులైలోనే కాస్తాయి, నిజమే. కానీ అప్పుడు దారంతా జనం, గదులు దొరకవు. మరీ అక్టోబరు చివరి దాకా ఆగితే సైకిళ్లను ఏరు దాటించే చిన్న పడవలు చాలావరకు ఆపేస్తారు. ఆ పడవలు లేకపోతే ఈ ప్రయాణంలో సగం సుఖం పోతుంది. ఎందుకో చెప్తాను.

జర్మనీ సరిహద్దు ఊరు పాసావు నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట సుమారు 320 కిలోమీటర్లు. దారి తప్పడం కష్టం. నీలం పలక మీద పసుపు చుక్కల మధ్య 6 అంకె కనిపిస్తే అదే మన దారి. పూర్వం సరుకు పడవలను ఎదురు ప్రవాహంలో గుర్రాలతో లాగించేవారు. ఆ గుర్రాల బాట మీదే ఇప్పుడు చాలాచోట్ల తారు వేశారు, అందుకే అంత చదును. గోదావరి గట్టు మీద తొక్కినవాడివి, నీకు కొత్తేం కాదు. పాసావుకీ వియన్నాకీ ఎత్తులో తేడా సుమారు 140 మీటర్లే కాబట్టి పల్లం నీకు తెలియను కూడా తెలియదు. తెలిసేది గాలి. ఇక్కడ ఎక్కువగా పడమటి గాలి వీస్తుంది, అందుకే అందరూ పాసావులో మొదలుపెట్టి తూర్పుకి వస్తారు. ఎదురుగాలి తగిలిన రోజు మాత్రం గేరు తగ్గించి నెమ్మదిగా తొక్కండి, వేగం కోసం పోట్లాడితే మోకాళ్లు పోతాయి.

ఏరుకి రెండు వైపులా సైకిల్ దారి ఉంది, కానీ రెండూ ఒకలాంటివి కావు. ఒక ఒడ్డున కార్లు రాని బాట ఉంటే, ఎదుటి ఒడ్డున లారీలు పోతుంటాయి. కాసేపటికి అది తారుమారవుతుంది. ఒకే ఒడ్డు పట్టుకుని పోయేవాళ్లు సగం దారి హారన్లు వింటూ తొక్కుతారు. కాబట్టి ఎక్కడ దాటాలో ముందే రాసి పెట్టుకో.

పాసావులో బయల్దేరేటప్పుడు ఉత్తరపు ఒడ్డున ఒబెర్న్‌సెల్ మీదుగా యోఖెన్‌ష్టైన్ దాకా రండి. అక్కడి జలవిద్యుత్ ఆనకట్ట మీదుగా సైకిల్ నడిపించుకుంటూ దక్షిణానికి దాటవచ్చు, కానీ దాటొద్దు. ఆనకట్ట తర్వాత ఉత్తరపు బాటే ప్రశాంతం. ఆవూ అనే పల్లె దగ్గర ఆ బాట ఆగిపోతుంది, అక్కడ పడవ ఎక్కి ష్లోగెన్‌కి దాటండి. ఏరు కొండను చుట్టి వెనక్కి తిరిగే చోటు అది. పైనుంచి చూడాలంటే అరగంట పైగా ఎక్కాలి. సైకిళ్లు కిందే తాళం వేసి వెళ్లండి. ఆ రాత్రి అక్కడే ఉండిపోతే మేలు, మొదటి రోజుకి 45 కిలోమీటర్లు చాలు.

ష్లోగెన్ నుంచి ఆషాఖ్ దాకా దక్షిణపు ఒడ్డు, అడవి నీడలో. ఆషాఖ్‌లో వంతెన దాటి ఉత్తరపు ఒడ్డునే ఒట్టెన్స్‌హైమ్ దాకా. అక్కణ్నుంచి లింట్స్ వరకూ రద్దీ రోడ్డు పక్కనే సైకిల్ దారి, ఈ ప్రయాణంలో బాగోని ముక్క అదొక్కటే. మరదలికి చికాకైతే అక్కడ లోకల్ రైలెక్కండి. లింట్స్‌లో మా ఇంట్లో రెండు రాత్రులు ఉంటారు, అందులో మాట లేదు.

లింట్స్ తర్వాత ఉత్తరపు ఒడ్డున మౌత్‌హౌజెన్. 1938 నుంచి 1945 దాకా నాజీల నిర్బంధ శిబిరం ఉన్న ఊరు. కనీసం 90,000 మంది అక్కడా, దాని ఉపశిబిరాల్లోనూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఖైదీల చేత గ్రానైట్ మోయించిన 186 మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. శిబిరం నిటారు కొండ మీద, బరువు సంచులతో తొక్కలేరు. మూడు గంటలైనా కేటాయించుకుని చూడండి, హడావుడిగా చూసే చోటు కాదు. ఆ రోజు గ్రైన్ దాకా సుమారు 60 కిలోమీటర్లు కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి.

గ్రైన్‌లో మాత్రం తప్పకుండా దక్షిణానికి దాటండి. అక్కణ్నుంచి ఇబ్స్ దాకా లోయ ఇరుకు, ఉత్తరాన పెద్ద రోడ్డు, దక్షిణాన దాదాపు బండ్లే లేని చిన్న దారి. దాటే ముందు గ్రైన్‌లో 1791 నాటి బుల్లి నాటకశాల చూడండి. ఇబ్స్ నుంచి మెల్క్ దాకా దక్షిణమే.

మెల్క్ మఠం దగ్గర్నుంచి క్రెమ్స్ దాకా 37 కిలోమీటర్లు, దాన్నే వహావు లోయ అంటారు. ఈ ముక్కకి ఒక రోజంతా ఇవ్వండి, నా మాట విను. పొద్దున దక్షిణపు ఒడ్డున ఆప్రికాట్ తోటల మధ్య ఆర్న్స్‌డార్ఫ్ దాకా వచ్చి, ష్పిట్జ్‌కి పడవలో దాటండి. ఆ పడవకి ఇంజను లేదు. ఏటికి అడ్డంగా కట్టిన తీగకి తగిలించి ఉంటుంది, చుక్కాని తిప్పితే ప్రవాహమే దాన్ని అవతలికి నెడుతుంది. నీలాంటి ఇంజనీరు రెండుసార్లు ఎక్కాల్సిందే. ష్పిట్జ్ నుంచి ద్రాక్షతోటల ఊళ్ల మీదుగా డ్యూర్న్‌ష్టైన్. ఇంగ్లండు రాజు రిచర్డ్‌ను 1192లో పట్టుకుని బంధించిన కోట శిథిలాలు ఆ ఊరి పైనే ఉన్నాయి. ఈ ఊళ్లలో రాళ్లు పరిచిన వీధులు ఎక్కువ, దిగి నడిపించండి. వారాంతంలో ఇక్కడ ఒక్క రాత్రికి గది ఇవ్వనంటారు కొందరు, అందుకని సోమవారం నుంచి గురువారం మధ్యలో పడేలా లెక్క వేసుకో.

క్రెమ్స్ దగ్గర మళ్లీ దక్షిణానికి దాటి, తుల్న్‌లో ఒక రాత్రి ఉండి, మర్నాడు వియన్నా. మధ్యలో ట్స్వెంటెన్‌డార్ఫ్ దగ్గర అణువిద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. పూర్తిగా కట్టాక 1978లో ప్రజలు ఓటేసి వద్దన్నారు, అది ఒక్క రోజు కూడా నడవలేదు.

ఇక సైకిల్ సంగతి. విమానంలో తేవద్దు. పాసావులో అద్దెకు తీసుకుని వియన్నాలో అప్పగించవచ్చు, కాస్త అదనంగా తీసుకుంటారు. తీసుకునేటప్పుడు పెడల్ వెనక్కి తొక్కి చూడు. చాలా అద్దె సైకిళ్లకి వెనక బ్రేకు అక్కడే ఉంటుంది. తెలియక, పోతున్నప్పుడు అలవాటుగా పెడల్ వెనక్కి తిప్పితే చక్రం పట్టేసి పడతారు. టైరు 37 మిల్లీమీటర్లకి తగ్గనివ్వకు, గాలి 3.5 నుంచి 4 బార్. ట్యూబు వాల్వు సన్నదా లావుదా చూసి, దానికి సరిపోయే పంపే అడుగు. ఒక ట్యూబు, ప్యాచీలు, టైరు లివర్లు, అలెన్ కీలు అడిగి తీసుకోవాలి.

సామాను మనిషికి పది కిలోలు దాటనివ్వకు. బరువంతా వెనక క్యారియర్ మీదే పడితే ముందు తెగేది వెనక చక్రంలో గేర్ల వైపు ఊచలే, బిగుతు ఎక్కువ ఆ వైపే కాబట్టి. బరువైనవి సంచి అడుగున, రెండు వైపులా సమానంగా సర్దు. మడమ సంచికి తగులుతుంటే సంచిని వెనక్కి జరుపు. రోజూ పొద్దున క్యారియర్ బోల్టులు 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో బిగించి చూడు, రాళ్ల వీధుల అదురుకి అవే వదులవుతాయి. వాన పడ్డ సాయంత్రం చైను తుడిచి నూనె వెయ్యి.

ఇక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయని మరదలికి పదే పదే చెప్పు. పొద్దున బయల్దేరేటప్పుడే పొరపాటు జరుగుతుంది. లింట్స్, వియన్నాల్లో ట్రామ్ పట్టాలను అడ్డంగా, నిటారు కోణంలో దాటండి. ఏటవాలుగా దాటితే చక్రం గాడిలో ఇరుక్కుంటుంది.

ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రం ఆరులోపే రొట్టె, పళ్లు కొనిపెట్టుకోండి. నీళ్లు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లే తాగొచ్చు. పల్లెల్లో శ్మశానాల దగ్గర కుళాయి ఉంటుంది, సైకిల్ వాళ్లంతా అక్కడే పట్టుకుంటారు. ‘కైన్ ట్రింక్‌వాసర్’ అని పలక ఉంటే మాత్రం తాగొద్దు. మీరు మాంసం తినరు కాబట్టి సూపు తాగే ముందు అడగండి, కూరగాయల సూపైనా తరచూ గొడ్డుమాంసం మరగబెట్టిన నీళ్లతో చేస్తారు.

వరద సంగతి కూడా చూసుకోవాలి. 2024 సెప్టెంబరు మధ్యలో వానలకి దిగువ ఆస్ట్రియా రాష్ట్రం అల్లాడిపోయింది. ‘గెష్‌పెర్ట్’ అని అడ్డం పెడితే బాట మూసేశారని, ‘ఉమ్‌లైటుంగ్’ అంటే చుట్టుదారి. అడ్డం దాటి వెళ్లొద్దు. నీళ్లు తీసినా ఒండ్రు మిగులుతుంది, దాని మీద టైరు నిలవదు.

మీ ఇద్దరి కాలి కొలతలు వెంటనే పంపు, అద్దె కొట్టుకి చెప్పాలి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, తొడల మధ్య పుస్తకం నిటారుగా పైదాకా ఆనించి, దాని పై అంచు నుంచి నేల దాకా సెంటీమీటర్లలో కొలవాలి. ప్యాంటు కొలత పనికిరాదు.

అమ్మకీ నాన్నకీ నమస్కారాలు చెప్పు.

మీ అక్క