కట్లపాము అని పసిగట్టిన ఆ అన్నకు

అన్నా, ఆ టెన్షన్‌లో మీ పేరు అడగలేదు, నంబరూ తీసుకోలేదు. మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి క్యాజువాలిటీ బయట టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ మీరు ఇది చదువుతారో లేదో గానీ, రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా చెల్లెకు తెల్లవారుజామున కడుపునొప్పి మొదలైంది, తర్వాత గొంతు పట్టేసి గుటక పడలేదు. ఊళ్లో ఒకాయన గ్యాస్ అని సూది వేసి పంపాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, పాము సంగతి ఎవరికి తడుతుంది చెప్పండి! మీరు మాత్రం చెల్లె ముఖం చూసి "రెప్పలు వాలిపోతున్నయ్, రాత్రి కింద పండుకున్నదా?" అని అడిగి, నేను అవునన్నానో లేదో లోపలికి ఉరికి డాక్టరమ్మను పిలుచుకొచ్చారు. మీ బామ్మర్దికీ అట్లనే అయిందని తర్వాత చెప్పారు.

కట్లపాము కోరలు చిన్నవి, నిద్రలో కరిస్తే చాలామందికి తెలియనే తెలియదట. విషం నరాల నుంచి కండరాలకు సంకేతం అందకుండా చేస్తుంది, ముందు రెప్పలు, చివరికి ఊపిరి. యాంటీవెనమ్, అంటే విషానికి విరుగుడు మందు, ఎక్కించినా వెంటిలేటర్ తప్పలేదు, ఎందుకంటే అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలను ఆ మందు బాగుచేయలేదు, అవి కోలుకునేదాకా ఊపిరి అందించాల్సిందే. (నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందు. పామును పట్టుకురావాల్సిన పనే లేదు, మా బాబాయి ఊరికే కర్రతో ఇల్లంతా వెతికాడు.)

ఇప్పుడు చెల్లె దోమతెర కట్టుకుని మంచం మీదే పడుకుంటోంది, నా మీద అరుస్తోంది కూడా. పాలమూరు వాళ్లెవరికైనా ఆయన తెలిస్తే ఈ మాట చేరవేయండి, మా ఇంటికి భోజనానికి రావాలి, అమ్మ నాటుకోడి కూర చేస్తానంది.