షుగర్ ఉన్నవాళ్లకు ఒక ఫోన్ కాల్ చేయండి

సంపాదకుల వారికి,

ఈమధ్య ఎక్కడ చూసినా షుగర్ యాప్‌ల ప్రకటనలే. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన నేను రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటాను. నా దగ్గర యాప్ ఏదీ లేదు, ఫోన్ మాత్రం బాగా పనికొస్తోంది.

సూది టైముకి అలారం, రీడింగు ఫొటో తీసి కోడలికి పంపడం చాలామంది చేసేవే. నేను కెమెరాను అరికాళ్లకు కూడా వాడతాను. వంగి చూసుకోవాలంటే నడుం సహకరించదు. రాత్రి పడుకునే ముందు ఫొటో తీసి, పెద్దది చేసి, వేళ్ల సందులతో సహా చూసుకుంటాను. మొన్న సంక్రాంతి తర్వాత బొటనవేలి కింద తుమ్మముల్లు అలాగే కనపడింది. గుచ్చుకున్న సంగతే తెలియలేదు, కాళ్లకు స్పర్శ అంతంతమాత్రం మరి. మర్నాడే వెళ్లి కట్టు కట్టించుకోబట్టి పుండు పడలేదు.

కాకరకాయ రసంతో వారంలో షుగర్ మాయం అనే వీడియోలు వచ్చేదీ ఈ ఫోన్‌లోనే. మా వీధిలో ఒకాయన అది నమ్మి ఇన్సులిన్ మానేసి ఆసుపత్రి పాలయ్యారు. చక్కటి తెలుగులో, ఇంట్లో మనిషి చెప్పినట్టు చెబితే ఎవరైనా నమ్ముతారు.

మామూలు ఎస్‌ఎంఎస్‌తోనూ ఫలితం ఉంటుందని ఎప్పుడో తేలింది. షుగర్ వచ్చే దశలో ఉన్న 537 మంది మగవాళ్ల మీద చెన్నై డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన పరిశోధన 2013లో వెలువడింది. తిండి, వ్యాయామం గురించి మెసేజ్‌లు అందినవారిలో రెండేళ్లకు 18 శాతం మందికి షుగర్ వస్తే, అందనివారిలో 27 శాతం మందికి వచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్‌లు పంపేలా కేంద్రం 2016లో ఎం-డయాబెటిస్ మొదలుపెట్టింది కూడా. మా పేటలో దాని పేరు విన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

మాత్రలిచ్చే చోట రిజిస్టర్‌లో మా అందరి నంబర్లూ రాసుకుంటారు. మాత్రలు అయిపోయే ముందు ఆ నంబరుకు తెలుగులో ఒక వాయిస్ కాల్ వస్తే చాలు. చదువు రానివాళ్లకూ, కీప్యాడ్ ఫోన్ వాళ్లకూ అదే మేలు. రెండోసారి అన్నం వడ్డించుకోవద్దని, చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే షుగర్ చూసుకోమని, అది 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి పావుగంటకు మళ్లీ చూసుకోమని అందులో చెప్పాలి.

అయితే చూసుకోవడానికి షుగర్ మిషన్‌లో పెట్టే స్ట్రిప్పులుండాలి కదా. ఇన్సులిన్ వాడేవాళ్లకు మందులతో పాటు అవీ ఇవ్వాలని ఆరోగ్యశాఖకు మనవి. వచ్చే పెన్షన్‌తో రోజూ కొనడం మావల్ల కావడం లేదు.

- ఒక రిటైర్డ్ కండక్టర్, చీరాల