నీ ఆసుపత్రి ప్లాను చూశాను

ఒరేయ్ డాక్టరూ,

నువ్వు పంపిన ప్లాను అందింది. కాకినాడలో ముప్పై పడకల ఆసుపత్రి కడుతున్నావంటే ఎంత సంతోషించానో, ముందువైపు ఆ అద్దాల గోడ చూసి అంత బెంబేలెత్తాను. మూడంతస్తుల అద్దం, అదీ పడమటి వైపు! మధ్యాహ్నం మూడు దాటితే లోపల ఇడ్లీలు ఉడుకుతాయి. ఇక్కడ చెన్నైలో ఐటీ ఆఫీసులదీ ఇదే వరస. కానీ వాళ్లు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. నీ పేషెంట్లకు ఆ వీలు లేదు కదా!

ఒకసారి మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచించు. రోగికి పగలూ రాత్రీ కనిపించేది నీ రిసెప్షన్‌లోని గ్రానైటు కాదు, పైకప్పు. ఫిన్లాండ్‌లో 1933లో పూర్తయిన పైమియో క్షయ ఆసుపత్రిని ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో ఇలా పడుకున్నవాడి వైపు నుంచే గీశాడు. దీపం నేరుగా కళ్లలో కొట్టకుండా చూశాడు, కప్పుకు ఆకుపచ్చ రంగు వేయించాడు. పక్క మంచం వాడి నిద్ర చెడకూడదని, నీళ్లు పడినా చప్పుడు రానంత వాలుతో చేతులు కడుక్కునే బేసిన్ చేయించాడు. నీ ప్లానులో మాత్రం ప్రతి మంచానికీ నడినెత్తిన ఒక ట్యూబులైటు! పక్కకు జరపడానికి పైసా ఖర్చు లేదు.

కిటికీల సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే కొంచెం ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. చిన్న అధ్యయనమే, చెట్టును చూస్తే రోగం కుదురుతుందని బోర్డు పెట్టేయకు. అయినా తూర్పు వార్డు ఎదుట వేపచెట్టు కొట్టేసి జనరేటరు షెడ్డు వేయడం ఎవరి సలహా? షెడ్డు వెనక్కి నెట్టు. కిటికీ అడుగుభాగం కూడా దించు, పడుకున్నవాడికి ఆకాశమే కాక కొమ్మలూ కనిపించాలి.

ఇక గాలి సంగతి. మా లోకల్ రైలు ఆగే తాంబరం శానటోరియం స్టేషనుకు ఆ పేరు 1928లో డాక్టర్ చౌరీ ముత్తు పెట్టిన క్షయ ఆసుపత్రి వల్లే వచ్చింది. క్షయకు మందు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, తిండే వైద్యం. పెరూలోని లిమా ఆసుపత్రుల్లో కొలిచి 2007లో ప్రచురించిన పరిశోధనలో కూడా, ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత వార్డుల్లోనే గాలి ఎక్కువగా మారుతోందని తేలింది. ఆపరేషన్ థియేటర్ సంగతి వేరు, దాని జోలికి నేను రాను. జనరల్ వార్డుకు మాత్రం ఎదురెదురు కిటికీలు పెట్టు.

అసలు కోపం వచ్చింది ఇంకోచోట. మన దగ్గర పేషెంటు ఒక్కడే వస్తాడా? వెంట కనీసం ఇద్దరు వస్తారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చే మనవాళ్లను చూస్తుంటాను. మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తింటారు, ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్ల కోసం టీకొట్లు వెతుక్కుంటారు, ఫోను ఛార్జింగు కోసం ప్లగ్గు దగ్గర వంతులు వేసుకుంటారు. రాత్రయితే కారిడార్‌లో దుప్పటి పరుస్తారు, స్ట్రెచర్ వస్తే లేచి నిలబడతారు. నర్సులు కసురుకుంటారు. వాళ్ల తప్పూ లేదు, ఈ జనానికి చోటు గీసినవాడే లేడు. అంతస్తుకొక గది ఇవ్వు. నడుం వాల్చడానికి బల్లలు, సామాను పెట్టుకునే అరలు, వేడినీళ్ల కుళాయి, ఒక స్నానాలగది, తడిబట్టలు ఆరేసుకునే చిన్న వసారా ఉంటే చాలు. రెండు డీలక్స్ గదులు తగ్గుతాయి, తగ్గనీ.

ఇంకొకటి. మీ నాన్నకు లాభం లేదమ్మా అని ఒక కూతురికి చెప్పాల్సి వస్తే, ఎక్కడ నిలబడి చెబుతావు? ప్లానంతా వెతికాను, బిల్లుల కౌంటరు పక్క కారిడార్ తప్ప చోటు లేదు. స్కానింగు పక్కనున్న స్టోరు రూము తీసేసి, మూడు కుర్చీలు పట్టేలా, తలుపు మూసుకునేలా ఒక గది చెయ్యి.

నా మార్పులన్నీ ఎర్ర పెన్నుతో గీసి పంపుతున్నాను. శంకుస్థాపన లోపే మాట్లాడుకుందాం, స్తంభాలు లేచాక నేనెంత అరిచినా లాభం లేదు. చెల్లెమ్మను అడిగానని చెప్పు. నర్సుల గది మరీ ఇరుకని ఆమె అంటే మాత్రం వాదించకు, నేనూ కొలిచి చూశాను.